కవాతు ఖానా గడప

మొన్న కామారెడ్డిల దర్వాజ చేయిద్దామని కట్టె కోత మిషన్ కాడికి పోతే, కూలిన ఏదో పాత ఇంటి టేకు దూలాన్ని కోస్తున్నరు. రంపం దిగుతుంటే లేచిన ఆ చేదు చేదు, నూనె నూనె వాసనకు అక్కడనే నిలబడిపోయిన. ఎల్లారెడ్డిల నేను ఐదో తరగతి చదివిన హాలు వానకాలంల అచ్చం గిట్లనే వాసనొస్తుండె.

అది బడి కోసం కట్టింది కాదు. నిజాం జమానాల సిపాయిలకు కవాతు నేర్పేటందుకు కట్టిన హాలు. ఊరంత కవాతు ఖానా అనే అంటుండ్రి. మూడు తరగతులు ఒక్క కప్పు కింద కూసున్నా ఇంకా జాగ మిగులుతుండె. నడుమ ఒక్క స్తంభం లేదు, ఈ గోడ నుంచి ఆ గోడ దాక టేకు దూలాలే, వాటి మీద పెంకులు. కింద పరిచిన బండలే గళ్లు గనుక గీతలు గీయకుండనే తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటిమి. పడమటి గోడకు వరుసగ కట్టె గూటాలు, ఒక్కోదాని కింద ఉర్దూ అంకె; అవి తుపాకులు తగిలించేటివని సారు చెప్పిండు, మేము సంచులు తగిలిస్తుంటిమి. కిటికీలు మాత్రం ఎంత పొడుగు మనిషికైనా అందనంత ఎత్తుల. ఎందుకట్ల కట్టిండ్రో సారుకు కూడ తెల్వదు.

బాపు తల్లిని, మా అవ్వను అడిగిన. ఒడిల చాట పెట్టుకొని, తునికాకుల తంబాకు పోసి, ముచ్చట పెట్టుకుంటనే బీడీలు చుట్టేది ఆమె.

"బయటోళ్లు తొంగి చూడొద్దని, బిడ్డా. నేను మస్తు ఎగిరి చూసిన, అందలె," అన్నది.

అవ్వకు ఒక అన్న ఉండెనని, ఆయన ఆ హాలుల సిపాయి అని అప్పుడు తెలిసింది. పదేండ్ల పిల్లగ ఆమె రోజూ అన్నకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం మూటగట్టుకొని పోయేదట. ఆడోళ్లు గడప దాటొద్దు. మెట్ల మీద కూసొని లోపలి బూట్ల చప్పుడు వినేదట. తర్వాత సిపాయిల కొలువులు ఎత్తేసిండ్రు, హాలుకు తాళం పడ్డది. అన్న బొంబాయికి బతకపోయి, జరమొచ్చి అక్కడనే పోయిండు. శవం కూడ రాలే.

"హాలు బడిగ మారినంక పోయి చూడకపోయినవా?"

"నాకేం పని ఆడ?" అని ఇంకో ఆకు తీసుకున్నది.

ఆ ఏడు పంద్రాగస్టు నాడు ముసురు. జెండా ఎగరేసినంక అందరినీ హాలులకు తోలిండ్రు. చేతిరాతల నాకు బహుమతి, స్టీలు గిలాస. తోటి పిల్లల అమ్మలందరు లోపల కూసున్నరు. అవ్వ ఒక్కతే కొంగు నెత్తిన కప్పుకొని, తడుసుకుంట, గడప బయట నిలబడ్డది.

"లోపలికి రా అవ్వా."

"ఈడనే మంచిగున్నది."

పోయి చెయ్యి పట్టి గుంజిన. ఒక కాలు లేపి, గడప మీద ఆపి, అటు ఇటు చూసి, ఎవరూ వద్దనకపోతే మెల్లగ లోపల పెట్టింది.

సభ అయిపోయి పిల్లలంత లడ్డూల కోసం వరండాలకు ఉరికినంక, అవ్వ ఆ చివర నుంచి ఈ చివరకు నడిసింది. గూటాలను ఒక్కొక్కటి ముట్టి చూసింది. నడుమకొచ్చి మడిమెతోని బండను తన్నింది. వట్టి కాలు, చప్పుడు రాలే.

"నీకు బూట్లున్నయి గద. నువ్వు తన్ను," అన్నది.

పండుగకని బాపు కొనిచ్చిన నల్ల బూట్లు. గట్టిగ తన్నిన. చప్పుడు గోడలకు తగిలి, దూలాలకు తగిలి, పెద్దగయి తిరిగొచ్చింది.

"ఇంకోపారి." కండ్లు మూసుకున్నది. "గిట్లనే వినొస్తుండె బిడ్డా, గిట్లనే."

ఎన్నిసార్లు తన్నిన్నో యాదిలేదు. కాళ్లు తిమ్మిరెక్కినయి. అవ్వ చాలు అనలే, నేను ఆపలే.

అవ్వ పోయి చాన ఏండ్లాయె. పోయిన నెల ఎల్లారెడ్డికి పోతే హాలు జాగల వరుసగ షట్టర్ల దుకాణాలున్నయి. దాన్ని ఎవరు కట్టిండ్రు, ఎప్పుడు కట్టిండ్రు అని నలుగురిని అడిగిన. ఒకరొక మాట చెప్పిండ్రు, ఇంకొకరు ఇంకో మాట. ఒక్క ఫోటో దొరకలే. గాజుల దుకాణం ఆమె మాత్రం, "ఈడ బడి ఉండెనట గద అక్కా," అన్నది.

"అంతకు ముందు ఏముండెనో ఎరికేనా?"

"తెల్వదు. చెప్పు," అని స్టూలు నా దిక్కు జరిపింది.