నాగలక్ష్మమ్మ పాస్‌వర్డ్ చెప్పదు

దేవుడే దిగొచ్చినా సరే, ఏ ఊరు, ఎవరి కొడుకువు, ఎవరు పంపితే వచ్చినావు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పందే నాగలక్ష్మమ్మ గడప దాటనివ్వదు. ఒకసారి విన్నదంటే నలభై ఏళ్లయినా తడుముకోకుండా అప్పజెబుతుంది. పెళ్లిచూపుల నాడు కోడలు చంద్రిక ముత్తాత పెళ్లి ఎక్కడ జరిగిందో కూడా రాబట్టిన మనిషి.

గనుల జోరు రోజులవి. తారానగర్ దారిలో ఇనుపరాయి లారీలకు తెరిపి లేదు. నాగలక్ష్మమ్మ కొడుక్కూ రెండు లారీలు గనుల కంపెనీ బాడుగకు తిరుగుతున్నాయి. ఆ ఊపులోనే అతను ఇంట్లో ఇంటర్నెట్టు పెట్టించాడు. ఊరంతటికీ అదొక్కటే.

"పాస్‌వర్డ్ అడ్మిన్ అని పెట్టినా అవ్వా. అందరికీ అదే పెడతాం" అన్నాడు బిగించడానికి వచ్చినవాడు.

"అందరిండ్లకూ ఒకటే తాళంచెవా? నీ తెలివి తెల్లారినట్లే ఉండాది! మార్చల్ల. నువ్వు గోడకల్లా తిరుక్కో, నేను కొడతా."

ఒంటివేలితో ఆమె కొట్టింది ఏమిటో కన్నకొడుక్కి కూడా తెలియదు. చంద్రిక పుట్టింటికి మెయిల్ పంపాలన్నా గోడవైపు తిరగాల్సిందే.

"అత్తా, నేను ఈ ఇంటి కోడల్నే గదా?"

"కోడలివే. ఎవరన్నా తియ్యగా అడిగితే చెప్పేసే మనిషివి కూడా."

చంద్రికకు ఒళ్లు మండిపోయేది. లాటరీ తగిలిందని ఎవడో మెయిల్ పంపితే అత్త చదివించుకొని, "వానిది ఏ ఊరంట? రాయలేదా? ఊరు లేనోడు దుడ్డిస్తాడా? ఇంకేం చూడొద్దు, సుమ్నే తుడిచెయ్" అంది.

ఒకరోజు కంపెనీ లారీ డ్రైవరు దుర్గప్ప వచ్చాడు. బడి ముందర లారీలు మోయలేనంత రాయి వేసుకొని తోలుతున్నారనీ, పిల్లలకు ఎప్పుడేమవుతుందోననీ ఫోన్‌లో ఫోటోలు తీశాడు. వాటిని జిల్లా ఆఫీసుకు పంపాలి. వాళ్ల తాతను ఎరిగి ఉండీ నాగలక్ష్మమ్మ మూడు ప్రశ్నలూ అడిగింది. తర్వాత చంద్రిక చేత పేరు లేకుండా అర్జీ రాయించి మెయిల్లో పంపించింది.

"నా పేరు బయటపడితే పని పోతాదమ్మా" అన్నాడు దుర్గప్ప.

వారం తిరక్కముందే జీపు దిగి వెంకట్రావు అనే కొత్తమనిషి వచ్చాడు. "ఇంటర్నెట్ ఆఫీసు నుంచండి. లైను చూడాలి, పాస్‌వర్డ్ చెబుతారా?"

అది అత్తకే తెలుసని చంద్రిక చెప్పబోయింది. అత్త చేయి అడ్డం పెట్టింది.

"ఏ ఊరు నాయనా?"

"తెనాలి దగ్గరండి."

"అబ్బో, శానా దూరం. ఈడ యాడ దిగినావు?"

"కంపెనీ గెస్ట్‌హౌస్‌లోనండి."

"ఇంటర్నెట్ ఆఫీసోళ్లకు గనుల కంపెనీ పడకలేస్తాండాదా?"

వెంకట్రావు మొహం మాడిపోయింది. ఇక ముసుగు తీసేశాడు. "అర్జీ ఈ ఇంటి నుంచే పోయింది. అందరి పేర్లూ అడక్కుండా మీరు లోపలికి రానివ్వరని ఊరంతా చెబుతోంది. ఎవరు రాశారో చెప్పండి."

"నాకు మతిమరుపప్పా."

చంద్రిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపట్నుంచి మీ లారీలకు లోడు దొరకదు మరి!"

"దొరక్కపోతే పీడాపాయ! రెండు లారీల దుమ్మన్నా తగ్గుతాది. రాసింది ఎవరని గదా అడిగితివి? నేనే. నాగలక్ష్మమ్మ, తారానగర్. బాగా రాసుకో. ఇంగ నడువు!"

జీపు వెళ్లింది. అన్నంత పనీ చేశారు, తెల్లారేసరికి రెండు లారీలూ ఇంటి ముందు నిలబడ్డాయి. కొడుకు తల పట్టుకున్నాడు. చంద్రిక మాత్రం అత్త వైపు కొత్తగా చూసింది. ఊరందరి గుట్టూ అడిగి తెలుసుకునే ఈ మనిషి ఇన్నేళ్లలో ఒక్కరి గుట్టూ బయటపెట్టలేదు. ఆ సంగతి తనకు ఇప్పటిదాకా తట్టనందుకు సిగ్గేసింది.

సాయంత్రం దుర్గప్ప పరుగున వచ్చి చేతులు జోడించాడు. "నా వల్ల మీ బండ్లు నిలబడిపాయె. నేను పోయి ఒప్పుకుంటా తల్లీ."

"ఏందప్పా నువ్వు ఒప్పుకునేది? అర్జీ నాది" అంటూ నాగలక్ష్మమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. "పోయినతూరి ఫోటోల్లో లారీ నంబర్లు మసగ్గుండాయి. ఈతూరి కనపడేటట్ల తీసినావా, లేదా?"