పుట్టిన రోజే రెండు సూదులు

1996లో ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే రోడ్డులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేసేదాన్ని. షూటింగుల్లో పనిచేసేవాళ్లే మాకు ఎక్కువగా వచ్చేవారు.

సుజాత సినిమాలకు బట్టలు కుట్టేది. ఏడో నెలలో మా దగ్గరికి వచ్చింది. గర్భిణులందరికీ చేసినట్టే స్క్రీనింగ్ చేశాం. అంటే, ఏ బాధా లేకపోయినా ముందే రక్తం పరీక్షించడం. సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే వీడీఆర్ఎల్ నెగెటివ్. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్-బి మాత్రం పాజిటివ్!

"మా ఆయనకు మీరే చెప్పుండ్రి సిస్టర్, నేను చెప్తే లొల్లయితది" అంది.

ఆమె భర్త యాదగిరి లైట్‌మ్యాన్. అతనికీ పరీక్ష చేయించాం. నెగెటివ్ అని వినగానే మొహం మాడ్చుకున్నాడు.

"మొగుడూ పెళ్లాల మధ్య అంటుకునే రోగమంటిరి గద. నాకు లేంది దీనికెట్ల వచ్చింది?"

"సరిగ్గా మరగబెట్టని సూదితో రావచ్చండీ. పుట్టినప్పుడే తల్లి నుంచి కూడా రావచ్చు. ఎట్లా వచ్చిందో ఈ కాగితం చెప్పదు."

సుజాత తలెత్తింది. "మా అమ్మ కామెర్లు ముదిరి, కడుపు ఉబ్బి సచ్చిపోయింది."

యాదగిరి రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "టీకా ఉందంటున్నరు గద, సుజాతకు ఎయ్యరాదు?" అన్నాడు.

"టీకా జబ్బు రాకముందే కాపాడుతుంది. ఎవరికి వచ్చిందో తేల్చేది పరీక్ష. సిఫిలిస్‌కైతే టీకానే లేదు. పరీక్షతో పట్టుకుని పెనిసిలిన్ ఇవ్వాలి. దీనికి ఉంది కాబట్టి మీకు ఇవాళే వేస్తాం. బిడ్డకి పుట్టిన పన్నెండు గంటల్లోపు వెయ్యాలి."

అతను చొక్కా చేయి పైకి మడిచాడు.

ఒక ఉదయం ఎనిమిదింటికి ఆడపిల్ల పుట్టింది. టీకా మా ఫ్రిజ్‌లో ఉంది. దాంతోపాటు వెయ్యాల్సిన ఇమ్యునోగ్లోబులిన్, అంటే వెంటనే రక్షణనిచ్చే మందు, తెస్తానన్న మందుల షాపు మనిషి తేలేదు! చీటీ అందుకుని యాదగిరి స్కూటర్ మీద కోఠీకి పరుగెత్తాడు. మధ్యాహ్నం రెండింటికి, ఐసు నింపిన ఫ్లాస్కు గుండెకు హత్తుకుని మెట్లెక్కుతూ అరిచాడు: "దొరికిందమ్మా! నాలుగు దుకాణాలు తిరిగిన!"

పాప రెండు తొడలకూ చెరొక సూది వేశాను. అది కెవ్వుమంటే మేం నవ్వాం.

మిగతా డోసులన్నీ తప్పకుండా వేయించారు. ఏడాది దాటాక పాప రక్తం పరీక్షించాం. జబ్బు లేదు, రక్షణ వచ్చేసింది! రిపోర్టు పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. యాదగిరి పాపను పైకెత్తి తిప్పుతుంటే సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమెను ఆరు నెలలకోసారి లివర్ పరీక్షకు తీసుకొచ్చేదీ అతనే.

టీకా గొప్పదా, పరీక్ష గొప్పదా అని ట్రైనింగ్‌లో వాదించుకునేవాళ్లం. ఆ పరీక్ష చేయకపోతే ఆ పాపకున్న ముప్పు మాకు తెలిసేదే కాదు. తెలిసినా, టీకా లేకపోతే చూస్తూ కూర్చునేవాళ్లం. యాదగిరి అడిగిన మొదటి ప్రశ్నతో ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఇలాంటి రిపోర్టు వస్తే, జబ్బు ఎన్ని దారుల్లో వస్తుందో చెప్పాకే కవరు విప్పుతాను.