పెద్దోడెవరు, చిన్నోడెవరు

ఇప్పటి గల్ఫ్ తండ్రులు కొడుకు పళ్ళు తోముకోవడం కూడా ఫోన్‌లో చూస్తున్నారు. డెబ్బైలలో మా సంగతి వేరు. మా పిల్లలు ఉత్తరాల్లో పెరిగారు. "చిన్నోనికి రెండు మాటలొచ్చినయ్" అని మా ఆవిడ రాసిన కబురు నాకు చేరేసరికి వాడు ఇరుగుపొరుగును తిట్టడం కూడా నేర్చి ఉండేవాడు. (నేను మాత్రం ఆ రెండు మాటలు ఏవై ఉంటాయా అని నెలంతా ఆలోచించేవాణ్ణి.) మస్కట్‌లో బిల్డింగులు కట్టే కంపెనీలో నేను స్టోర్ కీపర్ని. ఏ సామాను ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి సొంత కొడుకుల్లో ఎవరు ఎవరో తెలియక తికమకపడ్డానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

నేను బయలుదేరిన నాటికి పెద్దోడికి మూడేళ్ళు నిండలేదు, చిన్నోడికి ఏడాదిన్నర. రెండున్నరేళ్ళకు ఫ్యామిలీ వీసా వచ్చింది. వీసా వస్తే పిల్లల తలనీలాలు ఇస్తానని మా ఆవిడ వేములవాడ రాజన్నకు మొక్కుకుందట, విమానం ఎక్కేముందు ఆ మొక్కు తీర్చుకుంది. విమానాశ్రయంలో ఒకే ఎత్తున, ఒకే రకం లాగూచొక్కాలతో, రెండు నున్నటి గుండ్లు నా ముందుకొచ్చి నిలబడ్డాయి. పెద్దోడు జ్వరాలతో ఎదగలేదు, చిన్నోడు తిండిపుష్టితో వాణ్ణి అందుకున్నాడు. ఇక నా సంగతి. పెళ్ళాంబిడ్డలకు అందంగా కనబడాలని ముందురోజు మంగలి దగ్గర మీసం సరిచేయించుకోబోతే, ఒకవైపు పొట్టిదై, దానికి తగ్గట్టు రెండోవైపు ఇంకా పొట్టిదై, చివరకు మొత్తం తీసేయించుకుని వచ్చాను. నన్ను చూడగానే పిల్లలు వాళ్ళమ్మ చీర వెనక దాక్కున్నారు. "వీళ్ళలో పెద్దోడెవడే?" అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఏ తండ్రికి వస్తుంది? ఇద్దరినీ "బిడ్డా" అని పిలుస్తూ, వాళ్ళు దిగిన ఆ గురువారం నెట్టుకొచ్చాను. వాళ్ళు నన్ను ఏమనీ పిలవలేదు. ఒక్కసారి "బాపూ" అంటే చాలని ప్రాణం కొట్టుకుంది.

శుక్రవారం సెలవు. దార్సైట్‌లో మా గది సర్దుకోవాలని సాయంత్రం మా ఆవిడ మమ్మల్ని బయటికి తరిమింది. "రెండున్నరేండ్లు నేనొక్కదాన్నే పట్టిన. ఇయ్యాల మీరు పట్టుండ్రి" అంది. ఇద్దరికీ చెరో వేలు ఇచ్చి మత్రా బజారుకు తీసుకెళ్ళాను. సముద్రం చూపించాను, పడవలు చూపించాను. ఒక హల్వా దుకాణం ముందు ఆగి, చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టి తీసేసరికి ఒక గుండు మాయమైంది.

గొంతెత్తి పిలవాలి. కానీ ఏమని? పక్కనున్నవాణ్ణే అడిగాను, "నువ్వు పెద్దోనివా, చిన్నోనివా బిడ్డా?" అని. వాడు కాసేపు ఆలోచించి "నేను పెద్దగైన" అన్నాడు. ఇంకేం చేస్తాను, "పెద్దోడా, చిన్నోడా" అని రెండూ అరుస్తూ, వాణ్ణి చంకనేసుకుని సందు ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. ఎదురుగా బట్టల దుకాణంలో పనిచేసే కడప భాయి ఒకాయన బయటికొచ్చాడు.

"ఎవురన్నా తప్పిపోయింది?"

"నా కొడుకు భాయ్."

"పెద్దోడా, చిన్నోడా?"

"ఎర్కలేదు."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. గుర్తులేమిటని అడిగితే "గీనిలెక్కనే ఉంటడు" అని చంకలోవాణ్ణి చూపించాను. భాయికి నా మీద అనుమానం వచ్చింది. (నా మీద నాకే వస్తుంటే ఆయనకు రాదా?) పిల్లాణ్ణి దింపించి, వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమబ్బీ, ఈయప్ప మీ నాయనేనా?"

"కాదు" అన్నాడు నా కొడుకు.

"మరి మీ నాయన యాడుండాడు?"

"మా బాపు మస్కట్ల ఉంటడు."

జనం మూగారు. ఎవరో పోలీసుల మాట ఎత్తారు. ఒక కొడుకు తప్పిపోయాడు, రెండోవాడు నన్ను కాదంటున్నాడు. ఇంకేమీ తోచక లేబర్ కార్డు తీసి భాయి చేతికిచ్చాను. అందులోని ఫోటోలో నాకు ఇంత లావు మీసం. ఆయన కార్డునూ నన్నూ మార్చి మార్చి చూస్తుంటే, పిల్లాడు మునివేళ్ళ మీద లేచి తొంగిచూసి "బాపు" అన్నాడు. అని, ఆ కార్డుకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఊళ్ళో రోజూ గోడమీది నా ఫోటోకు మా ఆవిడ వాళ్ళ చేత అలాగే దండం పెట్టించేదట.

భాయి నవ్వలేదు. ఫోటోలోని మీసాన్ని బొటనవేలితో మూసి పిల్లాడికి చూపించాడు. తరవాత నా ముఖం చూపించాడు. వాడు చాలాసేపు చూసి, వచ్చి నా వేలు పట్టుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. అంతలో భాయి దుకాణంలో బట్టల తానుల వెనకనుంచి రెండో గుండు పైకి లేచి, "అన్నా, నన్ను దొరకవట్టలే" అంది. దాగుడుమూతలట. చిన్నోడెవరో నాకు ఆ విధంగా తెలిసింది.

ట్యాక్సీలో చిన్నోడు నా ఒళ్ళో నిద్రపోయాడు. పెద్దోడు నా ముఖం వంకే చూస్తూ "బాపూ, నువ్వు మళ్ల ఎప్పుడు పోతవు?" అని అడిగాడు.

"పోను బిడ్డా. ఇగ ఎటూ పోను" అన్నాను.

మరుసటేడు సైటు ఎడారిలోకి మారింది. కుటుంబాలను పంపించేయమంది కంపెనీ. వాళ్ళు వెళ్ళారు, నేను ఇంకో పన్నెండేళ్ళు ఉండిపోయాను. ట్యాక్సీలో కూర్చుని అంత గట్టిగా మాటిచ్చిన ఆ కుర్ర తండ్రిని తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. పాపం, అబద్ధమాడలేదు వాడు. నిజంగానే నమ్మాడు.