దస్తీ అంటే చేతిది

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను రామంతాపూర్‌లో కాలేజీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ బస్సు వదిలేసి తార్నాక బస్సెక్కాను. కాంట్రాక్టు పాఠాలు చెప్పీ చెప్పీ ఈ మధ్య నాకు దుఃఖపడే ఓపిక కూడా తగ్గిపోయింది.

యూనివర్సిటీలో ఆయన నా గైడు. కాలరు కింద దస్తీ లేకుండా క్లాసుకు వచ్చేవారు కారు. నేను పరిశోధనలో చేరిన కొత్తలో సెమినార్లో పేపరు చదువుతూ, "ఆగుండ్రి సార్, నా దస్తీ కింద పడ్డది" అన్నాను. హాలంతా నవ్వింది. "చేతిరుమాలు అనవయ్యా, తెలుగులో పరిశోధన చేస్తున్నావు" అని ఒక పెద్దాయన ఎత్తిపొడిచారు. మీరే చెప్పండి, మా అమ్మ మాటే చెల్లని చోట నాకేం పని? హాస్టల్లో పెట్టె సర్దుకుని, చదువుకో దండం అనుకుంటూ తార్నాక బస్టాపుకు వచ్చేశాను.

సారు వెనకాలే వచ్చారు. పోవద్దని అనలేదు. బస్సు రాగానే ఉరికి, కిటికీలోంచి తన దస్తీని ఒక సీటు మీదికి విసిరారు. మేం ఎక్కేసరికి ఎవరో అక్కడ కూర్చోబోతున్నాడు.

"అన్నా, దస్తీ ఏసినం గదా, కనవడ్తలేదా?" అన్నారు సారు.

అతను పక్కకు జరిగాడు.

"సూసినవా?" అన్నారు నాతో. "దస్త్ అంటే ఫార్సీల చెయ్యి. చేతిలుండేది దస్తీ. సంతకం జేస్తే దస్తఖత్, దాంట్ల ఉన్నది గూడ గా చెయ్యే. కోర్టు నోటీసు చేతికిస్తే దస్తీ. పిల్లలు ఆడితే దస్తీ బిస్తీ. గీడ సీటు మీదేస్తే, నేనొస్తున్న, ఆగుమని. గిదంత నువ్వు రాయకపోతే ఎవడు రాస్తడు?"

"నాతోని కాదు సార్."

"కాకపోతే ఊరికి పో. సీటైతే పట్టిన. కూసో."

సీతాఫల్‌మండిలో దిగిపోయాం. మళ్లీ హాస్టల్ దాకా పెట్టె ఆయనే మోశారు. ఆ మాట మీదే నాకు డాక్టరేట్ వచ్చింది. పర్మినెంటు ఉద్యోగమే రాలేదు. నేను విసిగిపోయి వెళ్లినప్పుడల్లా చాయ్ చేతికిచ్చి, "పని ఒడుస్తదా, ఎన్నడన్న అయిపోతదా బిడ్డా? మొకం తుడుచుకో, మల్ల రాయి" అనేవారు. కోపం వచ్చేది. అయినా ఇంటికెళ్లి రాసేవాణ్ణి.

తార్నాకలో వాళ్లింట్లో ఆయన్ని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరుచుకునే ఉంది. దవడకు కట్టు కట్టాలి. సారు భార్య, మేమంతా అమ్మ అని పిలిచే ఆవిడ, అల్మారా దాకా పోవాలని లేవబోయి మళ్లీ కూలబడింది.

"బిడ్డా, నీ దగ్గర దస్తీ ఉన్నదా?"

"ఉతికింది కాదమ్మా. చెమటది."

"ఉండనీ. నీదేనాయె, ఏమనుకోడు."

పెద్ద దస్తీయే. మూలకు మూల మడిచి, గడ్డం కింది నుంచి తల మీదికి తెచ్చి నేనే ముడివేశాను. అంత మాట్లాడే మనిషి నోరు నా చేతులతో మూసేశాను.

అన్నీ అయ్యాక ఎండలో బస్టాపుకు నడిచాను. మొహం తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. అరచేత్తోనే తుడుచుకున్నాను. ఎంత తుడుచుకున్నా తడిగానే ఉంది.