పల్చటి పొరల మాస్టారు

మా మాస్టారు పోయారని ఆదివారం పొద్దున బాపట్ల నుంచి వాళ్లావిడ ఫోన్ చేశారు. తెనాలిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఎర్ర పెన్ను మూత పెట్టేశాను.

ఆయన దగ్గరే నేను పీహెచ్‌డీ చేశాను. రేపల్లె నుంచి రోజూ బస్సులో యూనివర్సిటీకి వెళ్లేదాన్ని. కోబాల్టు, ప్లాటినం ఒకదానిమీద ఒకటి కొన్ని పరమాణువుల మందాన పేర్చిన పొరల మీద మా పని. అలాంటి ఫిల్ములో అయస్కాంతత్వం నిలువుగా నిలబడుతుంది. వేగంగా వచ్చే అయాన్లతో కొడితే పొరలు కలిసిపోయి అది అడ్డంగా పడిపోతుంది.

"బలమంతా రెండు పొరలు కలిసేచోట ఉందమ్మా. అక్కడ చెదిరిందా, ఇక నిలబడలేదు" అనేవారు. ఫిల్ము ముక్కను పట్టకారుతో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు.

అయాన్లను అంత వేగంతో పంపే యాక్సిలరేటర్‌లో మా వంతు కోసం నెలలు ఆగాం. తక్కువ అయాన్లు తగిలిన ముక్కలో అయస్కాంతత్వం పడిపోయిందని, ఎక్కువ తగిలినదాంట్లో నిలబడే ఉందని తేలింది. ఎవరూ చూడని ఫలితం. పేపరు అచ్చయింది. ఆయనకు పేరొచ్చింది.

థీసిస్ రాస్తూ యాక్సిలరేటర్ దగ్గర ఇచ్చిన చీటీలు, నా నోటుబుక్కు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. రెండు ముక్కల లేబుళ్లు నేనే తారుమారు చేశానని తెలిసింది.

వెళ్లి చెప్పాను. ఆయన క్యారేజీ మూత పెట్టేశారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండి."

"మనమే చెబుదాం."

పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశారు. అందులో లేబుళ్ల పొరపాటు తనదేనని రాశారు. నేను కాదనలేదు. ప్రాజెక్టు ఆగిపోయింది, ల్యాబ్‌కు తాళం పడింది. కొత్త కొలతలతో నాకు డాక్టరేట్ వచ్చింది. ఆయన మళ్లీ పరిశోధన చేయలేదు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి బయట ఎవరో, "మంచి మనిషి. ఆ ఒక్క పొరపాటూ చేయకుండా ఉండాల్సింది" అన్నారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

సాయంత్రం వాళ్లింట్లో మాస్టారి భార్య పక్కన కూర్చుని చెప్పాను. "ఆ లేబుళ్లు తారుమారు చేసింది నేనండి."

ఆమె నావైపు తిరిగారు.

"నాక్కూడా చెప్పలేదమ్మా. ఎప్పుడైనా మాటామాటా వస్తే, ఆ తప్పే ఎత్తిచూపేదాన్ని."

మంచం కిందనుంచి ఆయన చెప్పులు తీసి, కొంగుతో దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.