కూర్మయ్య బుగ్గలో బెల్లం

బోర్డు మీద పోస్టరు నిలిచింది గానీ, దాని ముందు అరుణకుమారి కాళ్లే నిలవడం లేదు. కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఆ పరిశోధన సంస్థ హాలు నిండా అలాంటి బోర్డులే. ఒక్కో బోర్డు దగ్గర ఒక్కో పరిశోధక విద్యార్థి. తన మందో, తన పరికరమో రేపో మాపో లోకాన్ని ఉద్ధరించేస్తుందన్నట్టు ఎవరికి వాళ్లు పాఠం వల్లె వేసుకుంటున్నారు. మొదటి బహుమతి వస్తే ఏడాదిపాటు ఇక్కడి ల్యాబులో చోటిస్తారు. రాకపోతే అరుణ చేసిన పరికరం బీరువాలోకి, అరుణ ఏదో ఒక ఉద్యోగంలోకి. ఆమె గైడు ఆ మాట మొహమాటం లేకుండా ముందే చెప్పేశాడు.

పరికరం చూడటానికి కోటు బొత్తాం అంత ఉంటుంది. వీపుకి అంటిస్తే ఊపిరి చప్పుడు వింటుంది. జూట్ మిల్లులో నార దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు బిగుసుకుపోతున్నవాళ్లని, జబ్బు ముదరకముందే పట్టుకోవాలని దాని ఉద్దేశం. బాగుంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. జబ్బు మనుషుల ఊపిరి ముందే రికార్డు చేసి తెచ్చుకుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద మాత్రం జడ్జీల ఎదుటే పెట్టి చూపించాలి. అందుకు ఒప్పుకున్నవాడు ల్యాబులో తోటి విద్యార్థి, హైదరాబాదు అబ్బాయి సాయి కిరణ్.

ఆ మహానుభావుడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగాడు.

“సారీ అరుణా, నిన్నటిసంది ఒకటే జలుబు. ఛాతీల గురగుర అంటున్నది. నాకు పెడితే ఎర్రలైటే వస్తది.”

అరుణకి ఒళ్లు మండిపోయింది. జలుబుకి ఇవాళే దొరికాడా వీడు! జడ్జీలు రెండు బోర్డుల అవతలకి వచ్చేశారు.

“నాను లేనేటమ్మా?” అన్నాడు వెనకనుంచి కూర్మయ్య.

కూర్మయ్య ఆమె తండ్రి. బడ్జ్ బడ్జ్ నుంచి లోకల్ రైల్లో, ఆ జనంలో, పోస్టరు చుట్టకి ఒక్క మడత పడకుండా గుండెకి హత్తుకుని తెచ్చినవాడు. మీసాలు రాని వయసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి జూట్ మిల్లులో పడ్డాడు. ఇప్పటికీ బదిలీ కూలీయే. అంటే పర్మినెంటు మనిషి రానిచోట నిలబడేవాడు. తెల్లారి గేటు దగ్గర సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, వరసంతా చూసి, ఎవరికి వేలు చూపిస్తే వాళ్లకే ఆ రోజు పని. కూర్మయ్యకి వేలు చూపని రోజు తక్కువ. మనిషి నిటారుగా నిలబడతాడు, మాట్లాడడు, బుగ్గలో ఎప్పుడూ ఒక బెల్లం ముక్క. నాన్నకి తీపి పిచ్చి అని ఇంట్లో నవ్వుకునేవాళ్లు.

“నానా, నీకు దగ్గు గానీ ఆయాసం గానీ ఉందేటి? నిజం సెప్పు.”

“నాకేటే! గుండ్రాయినాగున్నాను.”

అరుణ నమ్మేసింది. మిల్లు కూలీలుండే లైన్లలో ఇల్లిల్లూ తిరిగి మనుషుల ఊపిరి రికార్డు చేసిన పిల్ల, తన ఇంటి దగ్గర మాత్రం ఆగలేదు. ఆగాలని తోచలేదు.

జడ్జీలు రానే వచ్చారు. ఒకరు డాక్టర్ లాహిరి, తల నెరిసిన ఊపిరితిత్తుల వైద్యురాలు. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చేసిందేమో, స్టెతస్కోపు మెడలోనే ఉంది. రెండో ఆయన ఇలాంటి పరికరాలకి పెట్టుబడి వెతికిపెట్టే మనిషి. చేతిలో మార్కులు వేసే ట్యాబు. అరుణ చెప్పాల్సింది గడగడా చెప్పేసింది. ఆఖర్న తండ్రి చొక్కా ఎత్తి ఆ బొత్తాన్ని వీపుకి అంటించింది.

“గట్టిగా ఊపిరి తీసి వదులు నానా.”

ఎర్రదీపం వెలిగింది.

సరిగా అంటుకోలేదేమోనని అరుణ దాన్ని తీసి, చెమట తుడిచి, మళ్లీ పెట్టింది. ఎరుపే.

“దాదా, కాషి ఆఛే?” అంది డాక్టర్, దగ్గేమైనా ఉందా అని.

“నా దీదీ, భాలో ఆఛి,” అన్నాడు కూర్మయ్య. బాగానే ఉన్నానంటూ, సర్దారు ముందు నిలబడ్డట్టే రొమ్ము విరుచుకున్నాడు.

రెండో జడ్జి పెదవి విరిచాడు. “బాగున్న మనిషిని రోగి అంటోంది. దీన్ని తీసుకెళ్లి మిల్లులో పెడితే సగం మందికి పని పోతుంది.” ట్యాబు మీద అతని వేలు కదిలింది.

పరికరమైనా తప్పు చెప్పాలి, తండ్రైనా తప్పు చెప్పాలి. తండ్రి అబద్ధమాడతాడన్న ఊహ కూడా రాలేదు ఆ పిల్లకి.

“క్షమించండి సర్, తప్పు పరికరానిదే,” అంది బెంగాలీలో.

బెంగాలీ కూర్మయ్యకి అర్థం కాకపోతేనా! బతుకంతా ఆ భాషలోనే తిట్లు తిన్నాడు. కూతురి మొహం చూశాడు. పోస్టరు చూశాడు. అందులో గీతలేమిటో అతనికి తెలియదు గానీ, దాన్ని మళ్లీ చుట్టుకుని ఇంటికి పోవడమంటే ఏమిటో బాగా తెలుసు. రుమాలు తీసి, బుగ్గలో బెల్లం ముక్కని అందులోకి ఉమ్మి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాసేపు ఏమీ కాలేదు. రెండో జడ్జి పక్క బోర్డు వైపు తిరిగాడు కూడా.

అప్పుడు మొదలైంది దగ్గు. అరుణ పుట్టి బుద్ధెరిగి వినని దగ్గు. లోపల పాతుకుపోయినదేదో పెళ్లగిస్తున్నట్టు, ఎంతకీ ఆగలేదు. పట్టు కోసం అతను బోర్డుని పట్టుకుంటే పోస్టరంతా ఊగింది. పక్కవాళ్లు వల్లె వేయడం మానేసి చూస్తున్నారు.

“మిషను నిజమే సెప్పింది దీదీ. అబద్దమాడింది నాను,” అన్నాడు రొప్పుతూ, తనకొచ్చిన బెంగాలీలో. “దగ్గీవోడికి గేటు కాడ పన్లేదు. బుగ్గన బెల్లముంటే గొంతు ఆరదు, దగ్గు అణిగుంటాది. మా లైన్లో అందరం అంతే.”

డాక్టర్ లాహిరి స్టెతస్కోపు అతని వీపుకి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత రెండో జడ్జి వైపు తిరిగి, “పరికరం సరిగ్గానే విన్నది. మీరు వేసిన మార్కు దిద్దండి,” అంది. అరుణతో మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. “రేపు పొద్దున్నే ఈయన్ని నా దగ్గరికి తీసుకురా.”

బహుమతులు ప్రకటించే వేళకి తండ్రీ కూతుళ్లు చివరి వరసలో కూర్చున్నారు.

“ఎన్నాళ్ల నుంచి నానా?”

కూర్మయ్య ఆలోచించాడు. “నువ్వు సిన్నపిల్లవి. నాను డూటీ దిగి వొస్తే, బెల్లం బెల్లం అని సెయ్యి సాసీదానివి. ఉన్నదాంట్లో సగం కొరికి నీకెట్టీవోడ్ని.” అది తలుచుకుని నవ్వాడు. “మిగిల్ది నాకు సాలీది కాదు. నువ్వు నిద్దరోయాక బైటికెల్లి దగ్గీవోడ్ని.”

మొదటి బహుమతికి మైకులో అరుణకుమారి పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు.

“ఎల్లమ్మా, నిన్నే,” అన్నాడు కూర్మయ్య.

అరుణ అతని వీపు మీద చెయ్యి వేసి, లోపలి గురగుర అరచేతికి తగులుతుంటే అలాగే కూర్చుండిపోయింది.