దారి అడిగే మెంబరుగారు

దారి అడగనిదే మెంబరుగారికి కాలు కదలదు. పరాయి దేశం నుంచి చేతిసంచీతో వచ్చి, హోటల్లో గిన్నెలు తోమి, వార్డు మెంబరై, చివరికి జాతీయ సభ దాకా ఎదిగిన మనిషి. ఆ ఊళ్లో ఆయన ఓటడగని గుమ్మం లేదు. అయినా సొంతింటికి వెళ్లాలన్నా సరే, కారు ఆపించి, అద్దం దించి, "ఏమండీ, ఇటు ఎలా వెళ్లాలి?" అనేవారు.

డ్రైవరుకి తల కొట్టేసినట్టుండేది. అతను అక్కడే పుట్టాడు. కళ్లకు గంతలు కట్టినా ఏ సందు ఎక్కడ తేలుతుందో చెప్పగలడు.

"నేనున్నాను కదండీ!"

"ఉన్నావులే నాయనా. ఎందుకైనా మంచిది."

పోనీ తెలిసినవాళ్లను అడుగుతారా అంటే అదీ లేదు. ఎదురుగా పోలీసున్నా వదిలేసి, నిన్నగాక మొన్న ఊళ్లో దిగి బిక్కచూపులు చూసేవాళ్లనే పిలిచేవారు. వాళ్లు ఎటు చూపిస్తే అటే ప్రయాణం. ఒకసారి ఆసుపత్రి ప్రారంభోత్సవంలో జనం కత్తెర పట్టుకుని ఎదురుచూస్తుంటే, ఈయన చేపల మార్కెట్లో తేలారు. వెళ్లినందుకు బేరమాడి మరీ చేపలు కొన్నారు.

మంత్రిగా ప్రమాణం చేసే రోజు రానే వచ్చింది. "ఇవాళ ఆలస్యమైతే రేపటి నుంచి నువ్వు గ్యారేజీలో కార్లు కడుక్కోవాల్సిందే" అని కార్యదర్శి డ్రైవరుకి ముందే చెప్పాడు. సభాభవనం కనుచూపుమేరలో ఉందనగా వెనక సీట్లోంచి గొంతు వినిపించింది.

"కాస్త ఆపు."

లాండ్రీ ముందు, ఊరికి కొత్తని చూడగానే తెలిసిపోయే ఒకావిడ ఊడుస్తోంది.

"అమ్మా, సభాభవనానికి ఎటు వెళ్లాలి?"

ఆవిడ ఉలిక్కిపడింది. చీపురు గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, బాగా ఆలోచించి ఎడమవైపు చూపించింది.

"అయ్యా, భవనం కుడివైపు! గడియారంతో సహా కనిపిస్తోంది!"

"ఆవిడ చూస్తోందయ్యా. ఎడమకే తిప్పు."

డ్రైవరు పళ్లు నూరుతూ తిప్పాడు. "నా ఉద్యోగం గోవిందా" అని గొణిగాడు.

"మా ఊళ్లో సందు మొగలో మా నాన్న సైకిళ్లు బాగుచేసేవాడు" అన్నారు మెంబరుగారు. "వచ్చేపోయేవాళ్లంతా నన్నే దారి అడిగేవారు. ఇక్కడికొచ్చాక 'తప్పుకో' అనేవాళ్లే తప్ప పలకరించిన పాపాన పోయినవాళ్లు లేరు. ఒకరోజు ఓ ముసలాయన ఆగి, పోస్టాఫీసు ఎటని అడిగాడు. అదీ నన్ను! నాకేం తెలుసు? ఏదో ఒక వైపు చెయ్యి చూపించాను. బుద్ధిగా అటే వెళ్లాడు. ఆ పూట కడుపునిండా తిన్నాను."

"పాపం, ఆ ముసలాయన?"

"తర్వాత స్టాంపులకని వెళ్తే కౌంటరు వెనకాల ఆయనే ఉన్నాడు. పోస్టుమాస్టరు!"

డ్రైవరు పకపకా నవ్వాడు. మెంబరుగారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఇన్నేళ్లయినా ఆ సందు మీద బెంగ పోలేదు నాయనా. ఇప్పుడక్కడ నన్ను ఎరిగినవాళ్లే లేరు. ఆ సంగతి ఈ మనసుకి తెలిసి చావదు."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి, తను చెప్పిన దారిన కారు పోవడం చూస్తోంది. మలుపు తిరిగి ఆవిడకి కనపడకుండా పోయేదాకా అతను కారు నెమ్మదిగానే పోనిచ్చాడు.

వాళ్లు చేరేసరికి లోపల పేర్లు పిలుస్తున్నారు. గేటు దగ్గర కార్యదర్శి నిప్పులు తొక్కుతున్నాడు.

"మళ్లీ ఏమైంది?"

మెంబరుగారు నోరు తెరిచేలోపే డ్రైవరు అందుకున్నాడు.

"దారి తెలియలేదండీ."

"ఈ ఊళ్లో పుట్టినవాడివి, నీకు దారి తెలియలేదా?"

"నాదే పొరపాటండీ. ఎవర్నైనా అడగాల్సింది."